స్పైనలా, జనరలా అని అడిగే ముందు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆసుపత్రులకు బహిరంగ లేఖ

రెండు జిల్లాల ఆసుపత్రి సేవల సమన్వయాధికారులకు, బోధనాసుపత్రుల, ఏరియా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, నెల్లూరు పొగతోటలోనూ ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ నర్సింగ్‌హోములు నడుపుతున్న సర్జన్లకు, ఒకేరోజు నాలుగు థియేటర్లు తిరిగే మా తోటి మత్తు డాక్టర్లకు,

అయ్యా, అమ్మా,

“పేషెంటుకి ఏదో నరాల జబ్బంట. తుంటి విరిగింది. పొద్దున్నే కేసు. స్పైనల్ ఇచ్చేద్దామా, జనరల్ పెడదామా?” ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఫోనులో వచ్చే ప్రశ్న ఇది. స్పైనల్ అంటే నడుములో సూదితో కిందిభాగానికి మాత్రమే తిమ్మిరెక్కించడం, జనరల్ అంటే మొత్తం నిద్రపుచ్చి గొంతులో ఊపిరి ట్యూబు వెయ్యడం. దీనికి మన దగ్గర మూడు జవాబులు తయారుగా ఉంటాయి. నరాల జబ్బున్నవాళ్లకి నడుములో సూది పొడవకూడదనేది ఒకటి. జనరల్ పెడితే ట్యూబు తియ్యలేం, స్పైనలే సేఫ్ అనేది రెండోది. మనకెందుకొచ్చిన గొడవ, చెన్నై పంపించెయ్యండి అనేది మూడోది. మనిషిని చూడకముందే చెప్పేస్తున్నాం, మూడింటికీ ఉన్న తెగులు అదే. ఏ మత్తు అన్నది జబ్బు పేరుని బట్టి తేలదు. ఆ మనిషికి ఊపిరి ఎంత ఉంది, మింగుడు ఎలా ఉంది, లేచి నిలబడితే బీపీ ఏమవుతోంది, ఆపరేషన్ అయిన రాత్రి ఎక్కడ పడుకోబోతున్నాడు, వీటిని బట్టి తేలుతుంది. ఈ లేఖలో అడిగేదంతా ఆ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది.

మేం మాట్లాడేది అరుదుగా వచ్చి, వచ్చాక ముదురుతూనే పోయే నరాల జబ్బుల గురించి. కండరాల్ని కదిలించే నరాలు చచ్చే మోటార్ న్యూరాన్ డిసీజ్, అందులో ముఖ్యంగా ఏఎల్‌ఎస్, బీపీ, మూత్రం అదుపు తప్పే మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ అనే ఎంఎస్‌ఏ, పార్కిన్సన్‌లా కనిపించే పీఎస్‌పీ, ఒళ్లు దానంతటది మెలికలు తిరిగే హంటింగ్టన్, నడక తూలిపోయే అటాక్సియాలు, పిల్లల్లో కండరాలు కరిగే ఎస్‌ఎంఏ. ఒక్కో డాక్టరు సర్వీసు మొత్తంలో వీటిని వేళ్లమీద లెక్కపెట్టేటన్నే చూడొచ్చు. కానీ తూలేవాళ్లు పడతారు, పడితే తుంటి విరుగుతుంది. అపెండిక్స్, శుక్లం, కాన్పు వీళ్లకీ వస్తాయి. హైదరాబాద్ నిమ్స్‌లోనో బెంగళూరు నిమ్హాన్స్‌లోనో చెన్నైలోనో జబ్బు తేల్చుకుని వచ్చిన ఫైలు సంచిలోనే ఉంటుంది. ఎమర్జెన్సీ హడావుడిలో దాన్ని ఎవరూ విప్పరు.

ముందు పీఏసీ, అంటే మత్తుకి ముందు చేసే పరీక్ష, సంగతి. ఊపిరి కొలిచే స్పైరోమీటర్ లేదని ఆగనక్కర్లేదు. రోగిని కూర్చోబెట్టి, నిండా ఊపిరి పీల్చమని, ఆ ఒక్క ఊపిరితోనే సెకనుకి రెండంకెల చొప్పున పైకి లెక్కపెట్టమనండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నలభై, యాభై దాకా పోతారు. ఇరవై దాటకపోతే ఊపిరి సత్తువ బాగా తగ్గినట్టు. పదిహేను లోపే తెగిపోతే, వెంటిలేటరు లేని చోట ఆ కేసు ముట్టుకోకండి. తర్వాత దిండు తీసేసి, వెల్లకిలా పడుకోబెట్టి మళ్లీ లెక్కపెట్టించండి. కూర్చుని ముప్పై రెండు చెప్పినాయన పడుకోగానే పద్దెనిమిదికి పడిపోతే ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరి లాగే కండరం, డయాఫ్రమ్, బలహీనపడిందని అనుమానించాలి. అప్పుడే పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. ఊపిరి పీల్చేటప్పుడు పైకి లేవాల్సిన పొట్ట లోపలికి గుంజుకుంటుంది. ఇంట్లోవాళ్లు దీన్నే తమ మాటల్లో చెప్తారు: “మా నాయన రెండు నెల్లనించి కుర్చీలోనే నిద్రపోతా ఉన్నాడు సార్.” ఆ మాట ఉన్నదున్నట్టు కేస్‌షీట్లోకి ఎక్కాలి.

మాట ముద్దగా ఉన్నవాళ్లలో ఈ లెక్క పనికిరాదు, నోరు తిరగక ముందే ఆగిపోతారు. వాళ్లకి ఆస్తమా రోగులకి వాడే పీక్ ఫ్లో మీటరుకి మూతి గొట్టం బదులు అనస్థీషియా మాస్కు తగిలించి, గట్టిగా దగ్గించండి. నిమిషానికి 270 లీటర్లకి తక్కువైతే దగ్గు బలహీనం, జలుబు చేసినా కఫం తియ్యలేరు. 160 కూడా రాకపోతే ట్యూబు తీశాక తమంతట తాము కఫం బయటికి తెచ్చుకోలేరనే లెక్క. రక్తపరీక్షల్లో బైకార్బొనేట్ 27 దాటిందంటే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమోనని అనుమానించి ఏబీజీ, అంటే ధమని రక్తంలో వాయువుల పరీక్ష, తీయించండి. అందులో కార్బన్ డయాక్సైడ్ 45 దాటితే రాత్రిపూట బైపాప్, అంటే మాస్కుతో ఊపిరికి సాయంచేసే మిషన్, లేకుండా ఆపరేషన్ మాట ఎత్తకూడదు.

నాలుక చూడటంలో ఒక కిటుకుంది. బయటికి చాపమనకండి, చాపిన నాలుక ఎవరిదైనా వణుకుతుంది. నోరు తెరిచి, నాలుకని లోపలే వదులుగా పడుకోనివ్వమని టార్చి వెయ్యండి. అంచులు సొట్టపడి, చర్మం కింద పురుగులు పాకినట్టు కదులుతుంటే అది మోటార్ న్యూరాన్ జబ్బు జాడ. ఒక చెంచాడు నీళ్లు తాగించి పేరు చెప్పమనండి. గొంతు బురబురలాడితే మింగుడు పోయింది, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లకి మత్తు పేరుతో మగతగా ఉంచి మాస్కుతో కానిచ్చేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ట్యూబూ ఉండదు, మెలకువా ఉండదు.

ఇక స్కోలిన్, అంటే ట్యూబు వెయ్యడానికి కండరాల్ని క్షణాల్లో సడలించే సక్సినైల్‌కోలిన్. మన ఎమర్జెన్సీ ట్రేలో చెయ్యి అలవాటుగా పోయేది దానిమీదికే. ఫ్రిజ్‌లోంచి తీయడం, కిలోకి ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు ఇవ్వడం, నిమిషంలో ట్యూబు. మామూలు మనిషిలో దానివల్ల పొటాషియం అర యూనిట్ పెరిగి ఊరుకుంటుంది. నరం చచ్చిన కండరం సంగతి వేరు. నరం నుంచి సంకేతం రాక, ఆ కండరం ఆకలిమీద ఉన్నట్టు తన ఒళ్లంతా సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు మొలిపించుకుంటుంది. మామూలుగా నరం ఆనేచోట మాత్రమే ఉండాల్సినవి పొడవునా పరుచుకుంటాయి. స్కోలిన్ తగలగానే అన్నీ ఒక్కసారి తెరుచుకుని పొటాషియాన్ని రక్తంలోకి కుమ్మరిస్తాయి. రెండు నుంచి ఐదు నిమిషాల్లో మానిటర్ మీద ఈసీజీ గీతలో టీ వేవ్ నిక్కుతుంది, క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది, గుండె ఆగుతుంది. ఏఎల్‌ఎస్, ఎస్‌ఎంఏ, ఫ్రీడ్రిక్స్ అటాక్సియా, కారణం తేలకుండా నెలల తరబడి మంచంపట్టి కండ కరిగిన ఎవరైనా సరే, స్కోలిన్ వద్దు. ఇందులో తర్జనభర్జన లేదు.

తెలియక ఇచ్చేసి ఆ నిక్కిన టీ వేవ్ చూస్తే, 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 నుంచి 30 మి.లీ. వెంటనే, 50 శాతం డెక్స్‌ట్రోజ్ 50 మి.లీ. తో 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, సోడా బైకార్బ్, ట్యూబులోంచి సాల్బుటమాల్, ఊపిరి కాస్త వేగంగా. గుండె ఆగితే ఛాతీ నొక్కడం తొందరగా మానకండి. ఆ పొటాషియం మళ్లీ కణాల్లోకి మళ్లేదాకా టైము పడుతుంది, మళ్లాక గుండె తిరిగి కొట్టుకునే అవకాశం నిజంగా ఉంది.

స్కోలిన్ బదులు రోక్యురోనియం అనే ఇంకో కండరాలు సడలించే మందు. త్వరగా ట్యూబు వెయ్యాలంటే కిలోకి 1.2 మి.గ్రా. వెయ్యాలి, అయితే ఈ రోగుల్లో అది గంటల తరబడి దిగదు. కాబట్టి పక్కనే దానికి విరుగుడైన సుగామాడెక్స్ ఉంటేనే ఆ దారి. వెంటనే విరిచెయ్యాల్సి వస్తే కిలోకి 16 మి.గ్రా.; యాభై కిలోల మనిషికి 800, అంటే 200 మిల్లీగ్రాముల వయల్స్ నాలుగు. రెండు తెచ్చిపెట్టామంటే చాలదు. ఆపరేషన్ చివర, కొంత తేరుకున్నాక విరవడానికి కిలోకి 2 మి.గ్రా. సరిపోతుంది, అర వయలే. కండరాలు ఇంకా బాగా సడలి ఉంటే 4. తొందరలేని కేసులో రోక్యురోనియం మామూలు 0.6 బదులు సగమో, మూడో వంతో ఇచ్చి, ఎంత పట్టిందో మానిటర్ మీద చూసి, అవసరమైతేనే ఇంకాస్త ఇవ్వండి. మనందరికీ చేతి కింద ఉండే సడలింపు మందు అట్రాక్యూరియం. దానికదే విరిగిపోతుంది, కిడ్నీతో లివర్‌తో పనిలేదు, చౌక. కానీ సుగామాడెక్స్ దాన్ని పట్టుకోదు. అట్రాక్యూరియం ఇచ్చి సుగామాడెక్స్ ఎక్కిస్తే డబ్బు పోవడమే. అప్పుడు దిక్కు నియోస్టిగ్మిన్, కిలోకి 0.05 మి.గ్రా., గ్లైకోపైరోలేట్‌తో కలిపి, అదీ నరానికి వరసగా నాలుగు చిన్న షాకులిచ్చి చూసే ట్రెయిన్ ఆఫ్ ఫోర్‌లో నాలుగు కదలికలూ తిరిగొచ్చాకే. ఆలోగా ఇస్తే సగం లేచిన కండరంతో రోగి చిక్కుకుంటాడు.

ఆ నాలుగు కదలికల్ని కంటితో చూసి సరిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. మొదటి కదలికతో నాలుగోదాని నిష్పత్తి 0.4 దాటాక తేడా కంటికి ఆనదు. మనకి కావలసింది 0.9. అంకె చూపించే మానిటరే కావాలి. దాన్ని ఎక్కడ అతికించాలన్నదీ ముఖ్యమే. మెదడు నుంచి వచ్చే పైనరం దెబ్బతిని బిగుసుకున్న చేతికి పెడితే ఆ కండరం మందుకి లొంగనట్టు ఎక్కువగా ఎగురుతుంది. ఇంకా పట్టలేదనుకుని మనం ఇంకో డోసు ఇస్తాం, ఈలోగా డయాఫ్రమ్ చచ్చిపోయి ఉంటుంది. ఎండిపోయిన చేతికి పెడితే మొదటినుంచే ఏమీ కదలదు. అందుకే ఉన్న చేతుల్లో మంచిదాన్ని ఎంచుకుని, మందు ఇవ్వకముందే ఒకసారి కొలిచి రాసుకోవాలి. చివర్లో “తల ఐదు సెకన్లు ఎత్తి ఉంచమ్మా” అనే మన పాత పరీక్ష ఇక్కడ అక్కరకి రాదు, ఆవిడ ఆపరేషన్‌కి ముందే తల ఎత్తలేకపోవచ్చు. అదీ పీఏసీలోనే రాసుండాలి. ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే అమికాసిన్, జెంటామైసిన్, గుర్రపువాతం భయంతో గర్భిణికి ఇచ్చే మెగ్నీషియం, ఇవి కూడా కండరాన్ని ఇంకాస్త కిందికి లాగుతాయని సర్జన్లు గుర్తుంచుకోవాలి.

స్పైనల్ జబ్బుని ముదిరిస్తుందా? ఏఎల్‌ఎస్‌లో అలా ముదిరించిందని రుజువు లేదు. ఉన్నవి ఎక్కువగా విడివిడి కేసుల రాతలు, వాటిలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా బయటపడ్డారు. దెబ్బతిన్న నరానికి మత్తుమందు రెండో దెబ్బ కావచ్చన్న అనుమానం మాత్రం కొట్టిపారెయ్యదగ్గది కాదు. జబ్బు దానంతటది ముదురుతూ ఉంటుంది కాబట్టి, ఆర్నెల్ల తర్వాత కాలు ఇంకాస్త పడిపోతే నింద సూదిమీదికే వస్తుంది. ఆపరేషన్‌కి ముందు రెండు కాళ్ల బలం ఐదుకి ఎంతో, స్పర్శ ఎక్కడిదాకా తెలుస్తోందో అంకెల్లో రాసి, రోగి చేతో ఇంటివాళ్ల చేతో సంతకం పెట్టించుకుంటే ఈ గొడవ ఉండదు.

స్పైనల్‌లో అసలు ప్రమాదం ఎత్తు. డయాఫ్రమ్ బలహీనమైన మనిషి పక్కటెముకల కండరాలతో, పొట్ట కండరాలతోనే బతుకు నెట్టుకొస్తుంటాడు. మనం 0.5 శాతం హెవీ బ్యుపివకేన్ అలవాటుగా రెండున్నర మి.లీ. ఇచ్చి, అది చనుమొనల దాకా ఎక్కితే ఆ ఆధారాన్ని మనమే పీకేసినట్టు. స్పైనల్ సేఫ్ అన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. తుంటికి బొడ్డుదాకా పడితే చాలు. ఒకటిన్నర మి.లీ., అంటే ఏడున్నర మిల్లీగ్రాములు ఇచ్చి, చాలకపోతే పక్కనే ఎపిడ్యూరల్ గొట్టంలోంచి కొంచెం కొంచెంగా పెంచుకునే ఏర్పాటు మేలు. సిజేరియన్‌కి మాత్రం ఆ ఎత్తు తప్పదు కాబట్టి, ఊపిరి లెక్క తక్కువున్న గర్భిణి ఏరియా ఆసుపత్రి కేసు కాదు. తుంటి విరిగినవాళ్లని కూర్చోబెట్టే ముందు తొడ మొదట్లో నరాలకి తిమ్మిరెక్కించే ఫేసియా ఇలియాకా బ్లాక్, 0.25 శాతం బ్యుపివకేన్ 30 మి.లీ. ఇస్తే నొప్పికి మార్ఫిన్ జోలికి పోనక్కర్లేదు. యాభై కిలోల మనిషికి 100 మి.గ్రా. గీత దాటకుండా 75 లోనే ఉంటాం. చేతి ఆపరేషన్లకి మెడ దగ్గర ఇచ్చే ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ వద్దు, మామూలు మోతాదుకి అటువైపు డయాఫ్రమ్ దాదాపు ఖాయంగా పడిపోతుంది. చంకలో ఇవ్వండి. కోత చిన్నదైతే, సర్జనుకి ఓపికుంటే, ఉత్త లోకల్ అన్నిటికన్నా మేలు. ఆ ఓపిక అడగడానికి మత్తు డాక్టర్లు మొహమాటపడుతున్నారు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సిన చిక్కు ఒకటుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపునుంచి కాళ్లు బిగుసుకుపోయి వచ్చినవాళ్లందరిదీ నరం చచ్చే జబ్బు కాదు. మన దేశంలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ని షార్ట్ అనే వైద్య పరిశోధకుడి బృందం 1937లో వైద్యలోకానికి చెప్పింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. ఆ ఊళ్లు ప్రకాశంలోకి వెళ్లింది 1970లో. ఎముక పెరిగి వెన్నుపూసల లోపలి దారి ఇరుకై, వెన్నుపాము నలిగితే కాళ్లు బిగుస్తాయి, చేతులు సన్నబడతాయి. చూడటానికి అచ్చం మోటార్ న్యూరాన్ జబ్బే. ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయించండి. రెండెముకల మధ్య పొర ముళ్లకంపలా సున్నం కట్టి కనిపిస్తే అనుమానం అటు తిప్పుకోవచ్చు. మత్తుకి దీంతో రెండు బాధలు. నడుము మధ్యలోంచి సూది దిగదు, ఎండు కర్రలో దించినట్టు కరకరలాడుతుంది. అప్పుడు పది పోట్లు పొడవకుండా వెన్నుముల్లుకి ఒక సెంటీమీటరు పక్కకి జరిగి వాలుగా వెళ్లాలి. జనరల్ అనుకుంటే మెడ వెనక్కి వంగదు. బలవంతంగా వంచితే నలిగిన వెన్నుపాము ఇంకా నలుగుతుంది. గొంతు లోపల చూపించే కెమెరా ఉన్న వీడియో లారింగోస్కోప్‌తోనో, మెలకువలోనే వంగే ఫైబర్ ఆప్టిక్ గొట్టంతోనో ట్యూబు వెయ్యాలి. ఫ్లోరోసిస్సూ నరాల జబ్బూ రెండూ ఒకే మనిషికి ఉండకూడదని లేదు కూడా.

ఎంఎస్‌ఏ తరచుగా ప్రోస్టేట్ రూపంలో వస్తుంది. యాభై ఐదేళ్లాయన, మూత్రం ఆగిపోయింది, స్కాన్‌లో గ్రంథి ఓ మోస్తరు, మూత్రనాళంలోంచి ప్రోస్టేట్‌ని చెక్కే టీయూఆర్‌పీకి ఫిట్‌నెస్ ఇవ్వమంటారు. సంతకం పెట్టేముందు ఆయన్ని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మూడు నిమిషాల్లో మళ్లీ చూడండి. 150 ఉన్నది 105 కి పడి, నాడి మాత్రం 72 నుంచి 76 కే పెరిగిందనుకోండి. మామూలు మనిషికైతే నాడి ఎగిరి పడాలి. ఎగరలేదంటే బీపీని నిలబెట్టే నరాలే చచ్చాయి. ఆ ఆపరేషన్ వల్ల మూత్రం బాగుపడకపోవచ్చు, పైగా అదుపు పూర్తిగా పోవచ్చు. యూరాలజీవాళ్లు ముందు న్యూరాలజీకి చూపించాలి. తప్పనిసరైన ఆపరేషన్ అయితే బీపీ లేపడానికి మనం వాడే మెఫెంటెర్మిన్ మీద ఆశ పెట్టుకోకండి. అది నరం చివర దాచుకున్న మందుని బయటికి తోసి పనిచేస్తుంది, ఇక్కడ ఆ నరమే సరిగా లేదు. కొందరిలో ఏమీ కాదు, కొందరిలో హద్దు మీరుతుంది. ఫినైల్ఎఫ్రిన్ నేరుగా రక్తనాళం మీదే పనిచేస్తుంది, కానీ ఆకలిమీదున్న గ్రాహకాలకి మామూలు 50, 100 మైక్రోగ్రాములు ఇస్తే బీపీ 220 కి పోవచ్చు. పది మిల్లీగ్రాముల ఆంపూల్‌ని 100 మి.లీ. సెలైన్‌లో కలిపి, అందులోంచి ఒక మి.లీ. తీసి పది మి.లీ. చెయ్యండి. ఇప్పుడు మి.లీ. కి పది మైక్రోగ్రాములు. ఒక్కో మి.లీ. ఇచ్చి ఆగి చూడండి. రోగి భార్యనో భర్తనో ఒక మాట అడగండి: నిద్రలో ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు సన్నటి చప్పుడు వస్తోందా? గురక బరువుగా ఉంటుంది, ఇది వేరు. సెల్‌ఫోనులో రికార్డు చేసి తెమ్మనండి. అది స్వరతంత్రులు తెరుచుకోవడం లేదన్న గుర్తు. అలాంటి మనిషికి ట్యూబు తీసిన అరగంటకి గొంతు మూసుకుపోవచ్చు, మెడలో రంధ్రం చేసి ఊపిరి దారి ఇచ్చే ట్రెకియాస్టమీ చేసే చెయ్యి పక్కనే ఉండాలి.

పీఎస్‌పీ, ఎంఎస్‌ఏ, హంటింగ్టన్ వాళ్లకి మత్తుకన్నా మన వార్డు ఆర్డర్లే ఎక్కువ చేటు చేస్తాయి. ముందురోజు రాత్రి ఆల్ప్రజోలామ్, పొద్దున్నే పాంటాప్‌తో పాటు పెరినార్మ్ అని కార్బన్ కాపీలా రాసుకుపోతాం. పెరినార్మ్, అంటే మెటోక్లోప్రమైడ్, డోపమైన్‌ని అడ్డుకుని పార్కిన్సన్ రకం వాళ్లని కొయ్యబారుస్తుంది. ఫెనర్గన్, హలోపెరిడాల్ అదే బాపతు. వాంతికి ఆండాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. చాలు. పార్కిన్సన్ మాత్ర సిండోపా (లీవోడోపా) వేసుకునేవాళ్లకి ఆపరేషన్ పొద్దునా గుక్కెడు నీళ్లతో వెయ్యాల్సిందే. దాని సత్తువ గంటా గంటన్నరలో సగమవుతుంది, లిస్టులో చివరికి నెట్టేస్తే మధ్యాహ్నానికి మనిషి చెక్కబారుతాడు. మొదటి కేసుగా పెట్టండి, నోటితో కుదరకపోతే ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబులో వెయ్యండి. పార్కిన్సన్‌కే ఇచ్చే రసాజిలిన్, సెలిజిలిన్ వాడేవాళ్లకి పెథిడిన్, ట్రమడాల్ ఇవ్వకూడదు. స్పైనల్ తర్వాత వణుకొస్తే నర్సమ్మ చెయ్యి పోయేది సరిగ్గా ఆ రెండింటి మీదికే. దుప్పటి కప్పి, వెచ్చటి సెలైన్ ఎక్కించండి. నోట్లో ఊరే లాలాజలాన్ని ఎండబెట్టే మందు కావలిస్తే మెదడులోకి పోయే అట్రోపిన్ కాదు, గ్లైకోపైరోలేట్.

ఫ్రీడ్రిక్స్ అటాక్సియా వాళ్లకి గుండె స్కాన్, ఎకో, లేకుండా సూది ముట్టుకోవద్దు. చాలామందిలో గుండె గోడ మందమై ఉంటుంది, వెన్ను వంకరా ఉంటుంది, కొందరికి షుగరూ తోడు. మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అని ఒకటుంది, 1970లో చెన్నై డాక్టర్లు మొదట రాశారు, ఎక్కువగా మన దక్షిణాదివాళ్లలోనే కనిపిస్తుంది. ముప్పై లోపు వయసు, సన్నబడ్డ చేతులు, ముఖంలో, మింగుడులో బలహీనత, దాంతోపాటు చెవుడు. ఈ పిల్లలకి మనం మాస్కు వెనకనుంచి “కళ్లు తెరువు, చెయ్యి బిగించు” అంటే వినపడదు. లేవలేదేమోనని మనం కంగారు పడతాం. చేసే సైగలు ముందురోజే నేర్పండి, పెద్ద అక్షరాలతో అట్టముక్క రాసి పెట్టుకోండి, చెవి మిషన్ లేచేటప్పటికి తిరిగి పెట్టండి.

మింగలేని ఏఎల్‌ఎస్ వాళ్లకి పొట్టలోకి పెట్టే పెగ్ ట్యూబు గురించి. పంపేవాళ్లు ఆలస్యంగా పంపుతున్నారు. ఊపిరి సామర్థ్యం, ఎఫ్‌వీసీ, ఉండాల్సినదాంట్లో సగానికి పడకముందే పెట్టించాలి. సగానికన్నా కిందికి పడ్డాక వస్తే ప్రొపోఫాల్‌తో మగత ఇవ్వడం కాదు. ముక్కుకి బైపాప్ మాస్కు పెట్టి, పొట్టమీద లోకల్ ఇచ్చి, తల ఎత్తి ఉంచి చెయ్యాలి. ఇంకో సంగతి: ప్రియాన్ అనే చెడిన ప్రొటీన్ వల్ల మెదడు వేగంగా పాడయ్యే, పనిముట్ల ద్వారా అంటగల క్రాయిట్స్‌ఫెల్ట్ యాకబ్ జబ్బు అనుమానం ఉంటే మెదడు, వెన్ను, కంటి వెనకభాగం ఆపరేషన్లకి వాడి పారేసే సామానే. మామూలు ఆటోక్లేవ్ ప్రియాన్‌ని చంపలేదు, ఫార్మాలిన్, గ్లుటరాల్డిహైడ్ దాన్ని ఇంకా గట్టిపరుస్తాయి. తప్పక దాచాల్సిన పనిముట్టుని ఆరనివ్వకుండా, లీటరు నీళ్లకి 40 గ్రాముల కాస్టిక్ సోడా ద్రావణంలో గంటసేపు ముంచి, కడిగి, తర్వాత ఆటోక్లేవ్.

ఆపరేషన్ ఎంత బాగా జరిగినా, ఈ రోగులు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఆ రాత్రి, మర్నాటి రాత్రి. వార్డులో మాస్కు పెట్టి ఐదు లీటర్ల ఆక్సిజన్ పెడతారు. వేలికున్న మిషన్ 98 చూపిస్తుంది, అందరూ నిశ్చింతగా ఉంటారు. లోపల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది, ఆక్సిజన్ దాన్ని కప్పిపెడుతుంది. తెల్లవారుజామున మూడింటికి ఒళ్లు చెమటపట్టి, తలనొప్పి అని, మగతలోకి జారుకునేది ఇందుకే. వీళ్లకి ట్యూబు తియ్యగానే బైపాప్ పెట్టండి. ఇంట్లో సొంత మిషన్ ఉంటే దాన్నే, అదే మాస్కుతో తెమ్మనండి. తల 30 డిగ్రీలు ఎత్తు. నొప్పికి కిలోకి 15 మి.గ్రా. పారాసిటమాల్ ఆరుగంటలకోసారి, బ్లాక్‌లు; మార్ఫిన్ జాతి ఓపియాయిడ్లు తప్పనిసరైతేనే, అదీ కొంచెమే.

వెంటిలేటరు మాట కూడా ముందే మాట్లాడాలి. “పెడితే ఇంక తియ్యరంట కదా సార్” అని ఇంటివాళ్లు అడుగుతారు. అర్ధరాత్రి కారిడార్లో కాకుండా, పగలు, రోగి కూడా వింటుండగా జవాబు చెప్పండి. ప్రాణం నిలబెట్టే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరిస్తే చాలు.

అధికారుల్ని మేం అడిగేవి పెద్దవేమీ కావు. ఈ జబ్బుల పేరు కనిపించిన ప్రతి కేస్‌షీట్ అట్టమీదా “స్కోలిన్ వద్దు, పెరినార్మ్ వద్దు” అని ఎర్ర స్టిక్కరు. అంకె చూపించే ట్రెయిన్ ఆఫ్ ఫోర్ మానిటరు ఏరియా ఆసుపత్రి స్థాయిదాకా ఒక్కొక్కటి. రోక్యురోనియం, నాలుగు సుగామాడెక్స్ వయల్స్ ఒకే డబ్బాలో, గడువు తేదీ పైన రాసి, తాళం లేకుండా. బైపాప్ ఉన్న ఒక మంచం, ఆపరేషన్ తేదీ ఇచ్చేముందు ఆ మంచం ఖాళీ ఉందో లేదో చూసే పద్ధతి. వైద్యసేవ ప్యాకేజీల్లో సుగామాడెక్స్‌కీ, ఆపరేషన్ తర్వాతి రెండు రాత్రులకీ ఖర్చు స్పష్టంగా చూపితే నర్సింగ్‌హోములు కూడా వెనకాడవు. రెండు బోధనాసుపత్రుల్లోనూ ఒక మత్తు డాక్టరు ఫోను ఇరవైనాలుగ్గంటలూ పలికేలా చూడండి. అయితే ఆ నంబరుకి ఫోను చేసేవాళ్లు ముందు నిండిన పీఏసీ షీటు ఫొటో పంపాలి. కూర్చున్న లెక్క, పడుకున్న లెక్క, దగ్గు అంకె, నిలబెట్టిన బీపీ, మింగుడు, పొద్దున వేసిన మాత్రలు అందులో ఉండాలి. మార్కాపురం నుంచి పంపెయ్యాల్సి వచ్చినా అదే షీటు అంబులెన్స్‌లో రోగితో పాటు రావాలి, విరిగిన కాలికి బ్లాక్ ఇచ్చాకే బండి కదలాలి.

ఆ షీటు ఒక్క పేజీ దాటకుండా, వెనకవైపు ఫినైల్ఎఫ్రిన్ కలిపే లెక్కతో, తెలుగులో మేమే రాసి ఇస్తాం. అచ్చు వేయించి థియేటర్లకి చేర్చే ఏర్పాటు మీరు చెయ్యండి.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పనిచేస్తున్న కొందరు మత్తు వైద్యులు, థియేటర్ నర్సులు, అనస్థీషియా టెక్నీషియన్లు